దిండు వద్దనదు

“వాడు లేడు!”

మేడమీద నుంచి భార్య పెట్టిన కేకకు అల్లుడు సబ్బు చేతులతోనే స్నానాల గదిలోంచి బయటికి వచ్చాడు.

“లేడంటే?”

“లేడంటే లేడు. పక్క సర్దేసి ఉంది. జన్మలో వాడు పక్క సర్దలేదు. ఇవాళ సర్దాడంటేనే పారిపోయాడని అర్థం. ఫోను కూడా మంచం మీదే పడేసి పోయాడు, మనం చేస్తే ఎత్తాల్సి వస్తుందని.”

అల్లుడు చదువుతున్న నర్సింగు స్కూల్లో ప్రాక్టికల్ పరీక్ష ఈ పూటే. ఆ స్కూల్లో బొమ్మల మీద పరీక్ష పెట్టరు. ఎవరి పేషెంటును వాళ్ళే ఇంటి నుంచి వెంటబెట్టుకు రావాలి. ఆడవాళ్ళు ఆడమనిషిని, మగవాళ్ళు మగమనిషిని. పని అంతా అయ్యాక టీచరు ఆ పేషెంటును ఒకే ఒక ప్రశ్న అడుగుతుంది. “ఈ చేతుల్లో మళ్ళీ పడుకుంటారా?” పడుకోనంటే ఎంత బాగా చేసినా ఫెయిలే. ఇక పేషెంటే లేకుండా వచ్చినవాళ్ళకు గుమ్మం దగ్గర్నుంచే తిరుగు ప్రయాణం.

లారీ షెడ్డులో మెకానిక్కు పని మానుకుని, తన కంటే సగం వయసు పిల్లల పక్కన బెంచీ మీద ఒదిగి కూర్చుని చదివిన చదువంతా ఇవాళ ఒక్క బావమరిది మీద ఆధారపడి ఉంది. ఆ మహానుభావుడేమో పక్క సర్దేసి మాయమయ్యాడు.

అంతలో ఫోను మోగింది. తెలియని నంబరు.

“బావా, నేనే. ముందు తిట్టకు.”

“ఎక్కడున్నావురా?”

“ఎక్కడో ఉన్నాన్లే. రాత్రి మా ఫ్రెండు చెప్పాడు బావా. ఎవరేం చెయ్యాలో చీటీలు తీస్తారట కదా. చీటీలో ఒళ్ళు తుడవడం వస్తే నా గతేంటి? దుప్పట్లోంచి ఒక్కో చెయ్యి, ఒక్కో కాలు బయటికి లాగి తుడుస్తారట. ఆ గదిలో సగం మంది ఆడపిల్లలు. రేపు వాళ్ళలోనే ఒకమ్మాయితో సంబంధం కుదిరితే మొహం ఎక్కడ పెట్టుకోను?”

“తెర వేస్తాంరా! ఎవరికీ కనపడవు!”

“తెర మీద నాకు నమ్మకం లేదు బావా.”

భార్య ఫోను లాక్కుంది. “పేషెంటుగా వస్తానంటేనే కదరా నీకు కొత్త చొక్కా కుట్టిచ్చాను? అది విప్పి తెచ్చి ఇచ్చెయ్ ముందు!”

ఫోను కట్టయిపోయింది.

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు. “నేనొచ్చి పడుకుంటాను బాబూ. ఈ వయసులో నాకు సిగ్గేమిటి?”

“మగమనిషే కావాలి అత్తయ్యా.”

“ఏం రూలో ఏమిటో. జ్వరానికి ఆడా మగా తెలుస్తుందా?”

అల్లుడు పాత షెడ్డుకు ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఒకే గిన్నెలో అన్నం తిన్న స్నేహితులు. అటువైపు నుంచి ముందు నవ్వు వినిపించింది, తర్వాత మాట. “ఆయాబాబూ! మాకిక్కడ ఇంజను దింపి ఉందిరా. ఇంజనుకు స్నానం చేయిస్తానంటే చెప్పు, ఇప్పుడే పంపిస్తాం.” అతను ఫోను పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చుని మామగారు పేపరు చదువుతున్నారు. బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూడా మొన్న మొన్నటిదాకా ఈల ఊదే పిలిచేవారు, ఒక ఈలకు కాఫీ, రెండు ఈలలకు అందరూ హాల్లోకి. పొద్దున లేస్తూనే సాక్సులు తొడుక్కుంటే మళ్ళీ పడుకునేటప్పుడే విప్పడం. అల్లుడు షెడ్డు పని మానేసిన రోజు నుంచి ఆయన అతనితో నేరుగా మాట్లాడటం మానేశారు. చెప్పాల్సిందేదైనా ఉంటే భార్యకు చెప్పేవారు, కూతురికి చెప్పేవారు. ఇద్దరూ లేకపోతే గోడ గడియారానికి చెప్పేవారు.

“లారీ పనిలో చేతులకు మసి. ఈ పనిలో మొహానికి మసి,” అని ఆయన గడియారంతో అన్నమాట అల్లుడికి ఇంకా గుర్తుంది.

మాస్టారు పేపరు మడిచారు. ఒకసారి కాదు, నాలుగు మడతలు వేసి, అంచులు కలిపి, బల్ల మీద పెట్టారు.

“ఆ మనిషికి చెప్పు,” అన్నారు భార్యతో, “నేను వస్తానని.”

వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు వినిపించింది. ఎవరూ కదల్లేదు.

“మీరా?” అన్నారు అత్తగారు. “జ్వరమొస్తే థర్మామీటరు కూడా మీరే పెట్టుకుని మీరే చూసుకునే మనిషి! డాక్టరుకు చెయ్యి చూపించమంటే ఇల్లు మీద పడినట్టు అరుస్తారు. మీరు వెళ్ళి అక్కడ పడుకుంటారా?”

“వస్తానన్నాను. ఎందుకని అడగొద్దు.”

ఆయన లేచి బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

*

కుట్టుమిషన్ గదిలోకి భార్య అతన్ని చెయ్యి పట్టి లాక్కుపోయింది. వీధి వైపు గదిలో ఆమె బట్టలు కుడుతుంది. ఇంటి బరువు కొన్నాళ్ళుగా ఆ మిషను మీదే నడుస్తోంది.

“వద్దు,” అంది. “నాన్నను తీసుకెళ్ళొద్దు.”

“ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు. అందుకే భయం. అక్కడికొచ్చి అందరి ముందూ నిన్నో మాట అంటే? చివర్లో పడుకుంటారా అని అడిగితే పడుకోను అనేస్తే? ఆయనకు వద్దు అనడం ఎంత ఇష్టమో నీకు తెలీదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి నేను వింటున్నాను ఆ మాట.”

“అంటే అననీ. అడగకుండానే ఇంట్లో కూర్చుంటే అది కూడా ఫెయిలే కదా.”

ఆమె అతని తెల్లకోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. ఆ కోటు ఆమే కుట్టింది. చేతులు మోచేతుల పైకే ఉండాలని స్కూలువాళ్ళు చెబితే కత్తిరించి, మళ్ళీ మడిచి, సరిగ్గా కొలతకు తెచ్చింది. పరీక్షలో వేళ్ళకేమీ ఉండకూడదని అతను ఉంగరం తీసి ఆమెకిచ్చాడు. గోళ్ళ కింద నల్లటి గీత ఒక్కటి మాత్రం ఇంకా పోలేదు. ఎన్ని సబ్బులు అరిగినా షెడ్డు అక్కడ కొంచెం మిగిలిపోయింది.

ఆమె ఉంగరాన్ని మిషను మీద దారపుకండె పెట్టే పుల్లకు తగిలించింది. “పాసై వచ్చి తీసుకో. లేకపోతే ఇవ్వను.”

గోడవారగా ‘పేషెంటుగారు’ పడుకుని ఉన్నారు. అంటే అల్లుడి పాత చొక్కా, రెండు సాక్సులు తొడిగిన పొడుగుపాటి దూది దిండు. ప్రతి సాయంత్రం అల్లుడు దాని మీదే సాధన చేసేవాడు. నమస్కారం పెట్టి, “నేను నర్సింగు చదువుతున్నానండీ, మీ పాదాలు శుభ్రం చెయ్యమంటారా?” అని అడిగి, తుడిచి, దుప్పటి కప్పి, “థాంక్సండీ” అని చెప్పేవాడు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. “మీ ఆయన దిండుతో ఉన్నంత మర్యాదగా నీతో ఉంటాడా?” అని అడిగితే భార్య, “నేను దిండులాగా ఊరుకోను కదా, అందుకే ఉంటాడు,” అనేది.

అల్లుడు వెళ్ళబోతూ దిండుకు కూడా ఒక నమస్కారం పెట్టాడు. ఆమె నవ్వింది. ఆ పొద్దున ఆమె నవ్వడం అదే మొదలు.

*

దారి పొడుగునా మామ ముందు, అల్లుడు వెనక. మాస్టారి నడకలో డ్రిల్లు ఎక్కడికీ పోలేదు. ఎడమ కాలు మాత్రం ఒక్క పిసరు ఆలస్యంగా పడుతున్నట్టు అల్లుడికి అనిపించింది. తన కంగారుకు అలా కనబడుతోందేమో అనుకున్నాడు.

“ఆలస్యమైతే లోపలికి రానివ్వరేమో,” అన్నారు మాస్టారు, ఎదురుగా వస్తున్న బస్సుతో.

“రానివ్వరు మామయ్యగారూ.”

మాస్టారు నడక వేగం పెంచారు.

స్కూలు, ఆస్పత్రి ఒకే ఆవరణలో ఉన్నాయి. పరీక్ష గదిలో వరసగా మంచాలు, మంచం మంచానికీ మధ్య పచ్చ తెరలు. పిల్లలు బకెట్లతో, తువ్వాళ్ళతో పరుగులు పెడుతున్నారు. ఒకమ్మాయి వాళ్ళ బామ్మను పట్టుకొచ్చింది. బామ్మ అప్పుడే మంచమెక్కి, “నాకు తల దువ్వే చీటీ రావాలే తల్లీ,” అని మొక్కుతోంది. భయమూ నవ్వూ కలిసి గది మొత్తం తేనెతుట్టె కదిపినట్టుంది. అల్లుడికి ఒంట్లో రక్తం పరుగెత్తింది. లారీ ఇంజను మొదటిసారి సొంతంగా విప్పిన రోజు కూడా ఇలాగే ఉండింది.

టీచరును పిల్లలంతా చాటుగా ‘ఆగు సిస్టర్’ అంటారు. చెయ్యి కడుక్కోబోతే “ఆగు”, మందు ఎత్తబోతే “ఆగు”, తుమ్మబోయినా “ఆగు” అంటుందని వాళ్ళ ఆరోపణ. ఆవిడ గాజు గ్లాసులో చీటీలు వేసి అల్లుడి ముందు పెట్టింది.

అతను తీశాడు. పాదాల శుభ్రత.

“అదృష్టవంతుడివి అన్నా!” అంది బామ్మ మనవరాలు. అందరికంటే సులువైన చీటీ. రోజూ దిండు మీద చేసిందే. అల్లుడు దాన్ని జెండాలా పట్టుకుని మామగారి దగ్గరికి దాదాపు పరుగెత్తాడు.

చీటీ చూసి మాస్టారి మొహం పాలిపోయింది.

“ఇంకో చీటీ తియ్యమను,” అన్నారు, పక్కనున్న స్తంభంతో.

“ఒకటే చీటీ మామయ్యగారూ. మార్చరు.”

మాస్టారు బూట్లు విప్పి మంచం కింద జతగా పెట్టి, సాక్సులతోనే పైకెక్కి, నిటారుగా పడుకున్నారు. పడుకోవడంలో కూడా అటెన్షనే.

అల్లుడు చేతులు కడుక్కున్నాడు. తెర లాగాడు. సిస్టర్ మంచం కాళ్ళ దగ్గర కాగితం, పెన్నుతో నిలబడింది.

“నమస్కారమండీ. నేను నర్సింగు చదువుతున్నాను. మీ పేరు చెప్తారా?”

“నా పేరు తెలీదా?” అన్నారు మాస్టారు, పైకప్పుతో.

పెన్ను ఆగింది.  “తెలిసినా అడగాలండీ. ఒకరికి చెయ్యాల్సింది ఇంకొకరికి చెయ్యకుండా.”

మాస్టారు ఒక క్షణం చూసి, ఇంటిపేరుతో సహా, హాజరు పిలుస్తున్నట్టు పూర్తిగా చెప్పారు.

“మిమ్మల్ని ఏమని పిలవమంటారు?”

ఆ ప్రశ్న ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేరు. పెదాలు కదిపారు, మళ్ళీ మూశారు. చివరికి, “మాస్టారూ అను,” అన్నారు.

అను! భార్యకు కాదు, గడియారానికి కాదు, బస్సుకు కాదు. నేరుగా అతనికే. అల్లుడికి పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషమే కొంప ముంచింది.

నీళ్ళ వేడి మోచేత్తో చూశాడు. తువ్వాలు పరిచాడు. చేతులు వాటంతటవే పరుగెడుతున్నాయి.

“సాక్సు తియ్యమంటారా మాస్టారూ?” అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికే అతని వేళ్ళు ఎడమ సాక్సు పట్టీని సగం కిందికి దొర్లించేశాయి.

“వద్దు.”

వేళ్ళు అక్కడే బిగుసుకుపోయాయి.

ప్రతి సాయంత్రం అడిగాడు. ఒక్కరోజు కూడా తప్పకుండా, ఎంతో మర్యాదగా అడిగాడు. కానీ దిండు వద్దనదు. జవాబు రాని ప్రశ్న అడిగి అడిగి, అడగడమూ చెయ్యి వెయ్యడమూ అతనికి ఒకే పని అయిపోయింది. మధ్యలో ఒక మనిషి జవాబు చెప్పేంత ఖాళీ ఉండాలని అతని నోటికి తెలుసు గానీ వేళ్ళకు తెలియలేదు.

అతను సిస్టర్ వైపు చూశాడు. ఆవిడ “ఆగు” అంటుందేమోనని ఎదురుచూశాడు. రోజంతా అదే మాటనే మనిషి ఇప్పుడు పెదవి విప్పలేదు. ఊరికే చూస్తూ నిలబడింది.

పక్క తెర వెనక బామ్మ గలగలా నవ్వుతోంది. గిన్నెలో నీళ్ళు చల్లారిపోతున్నాయి. ఇంట్లో అయితే ఏం చేస్తారో అల్లుడికి తెలుసు. “ఏం కాదు, ఒక్క నిమిషం” అంటూ లాగేస్తారు. కాళ్ళు పట్టుకుని బతిమాలొచ్చు. మామయ్యగారూ, నా బతుకు మీ సాక్సులో ఉందని ఏడవొచ్చు. అవన్నీ గొంతు దాకా వచ్చాయి.

అతను సాక్సును మళ్ళీ పైకి లాగి, పట్టీ సరిచేసి, దుప్పటి కప్పి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

“క్షమించండి మాస్టారూ. అడిగాను గానీ మీరు చెప్పేదాకా ఆగలేదు. తప్పు నాది. సాక్సు తియ్యను.” చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “ఎందుకు వద్దంటున్నారో చెప్పాలనిపిస్తే వింటాను. చెప్పకపోయినా ఫరవాలేదు.” సిస్టర్ వైపు తిరిగాడు. “పేషెంటు వద్దన్నారు సిస్టర్. ఇక్కడితో ఆపుతున్నాను.”

“ఆపితే మార్కులు రావు. తెలుసా?”

“తెలుసు సిస్టర్.”

“సరే. పేషెంటును ఒంటరిగా వదిలెయ్యకు.”

ఆవిడ తెర అవతలికి వెళ్ళింది. అల్లుడు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. భార్య మొహం, దారపుకండె పుల్లకు వేలాడుతున్న ఉంగరం కళ్ళముందు కనిపించాయి.

మాస్టారు పైకప్పును చూస్తూ పడుకున్నారు.

“ఆ దిండును...” అన్నారు. “రోజూ అడిగేవాడివి.”

“విన్నారా?”

“గోడకు అవతలే కదా నా మంచం. మొదట్లో ఒళ్ళు మండిపోయేది. తర్వాత తర్వాత, ఆ టైముకు చెవి అటే పోయేది. ఇన్నేళ్ళు పిల్లల్ని కాలు ఎత్తమన్నాను, ఎత్తారు. ఎత్తగలవా అని ఒక్కణ్ణీ అడగలేదు నేను. నువ్వేమో దూదిమూటను పట్టుకుని కాలు ముట్టుకోవచ్చా అని అడుగుతావు. నవ్వొచ్చేది.” ఆయన నవ్వలేదు. “అందుకే వచ్చాను. వీడైతే అడుగుతాడు, అడిగితే చూపించొచ్చు అనుకున్నాను. తీరా చూస్తే నువ్వూ అడిగి ఆగలేదు.”

“ఆగలేదు మాస్టారూ.”

“ఇప్పుడు అడుగు.”

అల్లుడు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. “సాక్సు తియ్యమంటారా మాస్టారూ?”

ఈసారి ఆగాడు. ఆ ఆగడం ఎంత కష్టమో అతనికి అప్పుడే తెలిసింది.

“ఊఁ,” అన్నారు మాస్టారు. “మెల్లిగా.”

మడమ వెనక దూది కుక్కి ఉంది. అది పుండుకు అంటుకుపోయింది. అల్లుడు దాన్ని లాగలేదు. లాగడం అతని పని కాదు.

“ఎప్పట్నుంచి?”

“కొత్త బూట్లు కొన్నప్పట్నుంచి. కరిచాయి.”

“నొప్పిగా ఉందా?”

“అదేగా భయం. నొప్పే లేదు.”

నొప్పి తెలియకపోవడం ఎంత చెడ్డదో అల్లుడు పాఠంలో చదివాడు. అయినా మొహం మారనివ్వలేదు. “మాస్టారూ, నేను చూసింది సిస్టర్‌కు చెప్పాలి. దాచకూడదు. మీకు తెలియకుండా మాత్రం చెప్పను.”

“చెప్పు. కానీ ఇంట్లో చెప్పకు. మీ అత్తయ్యకూ వద్దు, అమ్మాయికీ వద్దు. మాటివ్వు.”

“ఇంట్లో చెప్పడం మీ పని. నా నోటి నుంచి రాదు.” అన్నాక గానీ ఏం మాటిచ్చాడో అతనికి తెలియలేదు.

తెర తీసి సిస్టర్‌ను పిలిచాడు. “ఎడమ మడమ వెనక పుండు ఉంది సిస్టర్. కోటు గుండీ అంత ఉంటుంది. చుట్టూ ఎర్రగా, వేడిగా ఉంది. నొప్పి లేదంటున్నారు. దూది అంటుకుని ఉంది, నేను లాగలేదు.”

“ఏమై ఉంటుందంటావు?”

“అది డాక్టరుగారు చెప్పాలి సిస్టర్. నేను చూసింది చెప్పాను.”

సిస్టర్ అతన్ని ఒక్క క్షణం ఎగాదిగా చూసి, డాక్టరు కోసం మనిషిని పరుగెత్తించింది. ఆ తర్వాత అంతా జోరుజోరుగా జరిగిపోయింది. డాక్టరు వచ్చింది, రక్తం తీశారు, కట్టు కట్టారు. షుగరు చాలా ఉంది. కట్టు లావుకు సాక్సు పట్టకపోతే సిస్టర్ కత్తెరతో పట్టీ చీల్చి ఎక్కించింది.

“రేపు పొద్దున్నే వచ్చి ఆస్పత్రిలో చేరండి,” అంది డాక్టరు. “ఇవాళ చూశాం కాబట్టి కాలు నిలుస్తుంది. రేపు రాకపోతే మాత్రం నేను మాటివ్వలేను. ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలి.”

డాక్టరు వెళ్ళాక సిస్టర్ కాగితం తిప్పింది. గదిలో మిగతావాళ్ళ పని అయిపోయింది. తెరలన్నీ తీసేశారు. అందరూ ఇటే చూస్తున్నారు.

“మాస్టారూ,” అంది. “ఈ చేతుల్లో మళ్ళీ పడుకుంటారా?”

అల్లుడు నేల చూపులు చూశాడు.

మాస్టారు మంచం మీద లేచి నిటారుగా కూర్చున్నారు. “నేను కూడా మార్కులు వేసినవాణ్ణే. నా దగ్గర మొహమాటం లేదు. మొదటిసారి అడిగి ఆగలేదు. అది తప్పు. వద్దన్నాక బతిమాలలేదు, విసుక్కోలేదు, వదిలిపోలేదు. రెండోసారి ఆగాడు.” గది మొత్తానికి వినబడేలా గొంతు పెంచారు. “పడుకుంటాను!”

గది చప్పట్లతో మార్మోగింది. బామ్మ మంచం మీద నుంచి ఈల వేసింది. ఆ ఈలకు మాస్టారు అలవాటుగా వెన్ను నిటారు చేశారు. ఆగు సిస్టర్ కాగితం మీద సంతకం గీకి, “మార్కులు తగ్గించాను. పాస్. వార్డులో మాత్రం ముందు ఆగు, తర్వాత చెయ్యి,” అంది. 

*

ఇంట్లో పండగలా ఉంది. పారిపోయిన బావమరిది మిఠాయి పొట్లంతో తిరిగొచ్చి, “నేను పారిపోబట్టే కదా బావ పాసయ్యాడు,” అని వాదిస్తున్నాడు. అత్తగారు అల్లుడి నోట్లో మిఠాయి కుక్కారు. భార్య కుట్టుమిషన్ గదిలోకి లాక్కెళ్ళి, పుల్లకున్న ఉంగరం తీసి అతని వేలికి తొడిగి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకుంది.

“నాన్న ఏమన్నారు? పడుకుంటానన్నారా? గట్టిగా అన్నారా? అందరికీ వినబడిందా?”

“వీధి దాకా వినబడింది.”

ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. అంతలో తెరిచి ఉన్న తలుపులోంచి హాల్లోకి చూసింది. మాస్టారు కుర్చీలో కూర్చుని, మడమ అణగదొక్కి తొడుక్కున్న బూటు విప్పుకుంటున్నారు. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

“నాన్న సాక్సు పట్టీ కోసేశారేం?”

అల్లుడు చూపు తిప్పుకున్నాడు.

“చిరిగింది కాదది. కత్తెర కోత. పొద్దస్తమానం కత్తెర పట్టుకునేదాన్ని, నాకు తెలీదా? లోపల లావుగా ఏదో ఉంది. ఏమైంది?”

“ఆయన్నే అడుగు.”

“నిన్నడుగుతున్నాను.”

“ఆయన్నే అడగాలి.”

ఆమె అతని చెయ్యి వదిలేసింది. “అంటే ఏదో ఉంది. నీకు తెలుసు. నాకు చెప్పవు.”

అతను తల వంచుకున్నాడు.

“నా తండ్రి ఆయన! ఇన్నాళ్ళు నీ మొహం చూసి మాట్లాడని మనిషి. నీ చదువు కోసం నేను ఆయనతో పోట్లాడాను. కళ్ళు పోయేలా మిషను తొక్కాను. ఇవాళ ఆయన సంగతి నీకు తెలుసు, నాకు తెలీదు. ఇదేనా నువ్వు చదివింది?”

“ఇదే,” అన్నాడు అతను. చెప్పాక ఆ మాట ఎంత కటువుగా ఉందో అతనికే తెలిసింది. కానీ దానికి మారుమాట లేదు.

“అయితే ఆ కోటు విప్పి అక్కడ పెట్టు. నేను కుట్టిన కోటు తొడుక్కుని నా దగ్గర దాచే పనైతే నాకొద్దు.”

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. బావమరిది మిఠాయి చేత్తో అలాగే నిలబడ్డాడు. అల్లుడు కోటు మొదటి గుండీ మీద చెయ్యి వేశాడు. రేపు పొద్దున్న అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, ఆమె ఊరుకుంటుంది, రేపు దగ్గరుండి తీసుకెళ్తుంది. కానీ చెబితే మాస్టారు ఆ మడమను మళ్ళీ ఇంకెవరికీ చూపించరు. అతను గుండీ విప్పాడు. రెండోది విప్పాడు.

కుర్చీ జరిగిన చప్పుడైంది.

మాస్టారు లేచి వస్తున్నారు. ఒక కాలికి సాక్సు లేదు. తెల్లటి కట్టు నేల మీద మెల్లగా ఆని లేస్తోంది. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఆ గదిలోకి ఆయన ఎప్పుడొచ్చినా తలుపు నెట్టుకునే వచ్చేవారు. ఇవాళ తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా గుమ్మం ఇవతలే నిలబడ్డారు.

“అతణ్ణి ఏమీ అనకమ్మా. నేనే చెప్పొద్దన్నాను,” అన్నారు. “నీకొకటి చూపించాలి. చూస్తావా?”

ఇంతసేపూ ఏమిటి ఏమిటని నిలదీసిన మనిషికి ఇప్పుడు మాట రాలేదు. ఆమె ఆ కట్టును చూసింది, సగం విప్పిన కోటుతో నిలబడ్డ భర్తను చూసింది, మిషను అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

మాస్టారు గుమ్మం దాటలేదు. ఆమె జవాబు చెప్పేదాకా ఆగారు.